టేపు కోసిన చేతికీ మనోధర్మం ఉంది

మనోధర్మంతో వాయించే బృందాన్ని స్టూడియోలో కూర్చోబెట్టి ఆల్బం చేయించడమంటే సంగీతానికి సమాధి కట్టడమే అన్న అభిప్రాయం మన మధ్య గట్టిగా నాటుకుపోయింది. న్యూయార్క్ జాజ్ క్లబ్బులో మొదటి బల్ల దగ్గర కూర్చునేవాళ్లదీ అదే మాట, మన త్యాగరాజ ఉత్సవాల్లో ముందు వరుస కుర్చీ వదలనివాళ్లదీ అదే మాట. ఎదుట శ్రోత లేడు కాబట్టి వాయించేవాడికి ఊపు రాదట. తప్పు పోతే మళ్లీ వాయించుకోవచ్చు కాబట్టి తెగింపు ఉండదట. ఆపైన ఎవడో అద్దం అవతల కూర్చుని టేపు కోసి అతికిస్తాడు కాబట్టి, చివరికి మన చెవిన పడే సంగీతం అసలు జరగనే లేదట. కచేరీ నిజం, ఆల్బం దొంగనోటు. ఈ మాట ఎంత నిష్ఠగా చెబుతారంటే, కాదన్నవాడికి సంగీతం తెలియదని అక్కడికక్కడే తేలిపోతుంది.

తేలిపోతే పోనివ్వండి, నేను కాదనే అంటున్నాను. అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే బృందం స్టూడియోలో చేసే పని కచేరీకి నకలు కాదు. అది మరో పని, దాని కష్టం దానిది. ఆ పనిలో వాయించడం ఎంత ముఖ్యమో, వాయించినదాంట్లో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి, దేని పక్కన ఏది పెట్టాలి అని తేల్చుకోవడమూ అంతే ముఖ్యం. ఆ తేల్చుకోవడం కూడా మనోధర్మమే.

ముందు శ్రోత సంగతి చూద్దాం. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, వోలేటి వెంకటేశ్వర్లు, వయొలిన్ అన్నవరపు రామస్వామి, మృదంగం దండమూడి రామమోహనరావు అందరూ ఆ కేంద్రంలో పనిచేసినవాళ్లే. వాళ్లు పాడింది, వాయించింది ఎక్కడ? శబ్దాన్ని మింగేసే గోడల మధ్య, తలుపు మీద ఎర్రలైటు వెలిగే గదిలో. చప్పట్లు లేవు, శభాషులు లేవు, తొడ మీద తాళం తప్పుగా వేసే పెద్దమనిషి కూడా లేడు. ఉన్నది పక్కవాద్యాలు, ఒక మైకు, అద్దం అవతల గడియారం చూసుకునే ఉద్యోగి. ఆ గదిలోంచి వచ్చిన రాగాలాపన విని రాగమంటే ఏమిటో తెలుసుకున్న ఇళ్లు ఈ నేల మీద వేలల్లో ఉన్నాయి. వోలేటి పాటను ఇవాళ్టి పిల్లలు వింటున్నారంటే చాలావరకు ఆ రేడియో టేపుల చలవే. అంటే రేడియో స్టూడియోలో పుట్టిన మనోధర్మానికి చెవి కోసుకునే మనమే, ఆల్బం చేసే స్టూడియో దగ్గరికి వచ్చేసరికి అక్కడ మనోధర్మం పుట్టదని తీర్పు చెబుతున్నాం. గది అదే, మైకు అదే. తీర్పు మాత్రం మారిపోయింది.

నిజానికి బృందంగా వాయించేవాడికి మొదటి శ్రోత పక్కన కూర్చున్నవాడు. వయొలిన్ ఎటు తిరగబోతోందో అర క్షణం ముందే పట్టుకునే మృదంగం ఉంటే హాల్లో వెయ్యిమంది ఉన్నా లేకపోయినా ఒకటే. పట్టుకోలేని మృదంగం ఉంటే వెయ్యిమంది చప్పట్లూ దాన్ని కాపాడలేవు.

పైగా శ్రోత ఇచ్చే ఊపు గురించి ఇంత చెబుతారే, శ్రోత చేసే చెరుపు గురించి ఒక్కరూ నోరు విప్పరేం? చప్పట్లు ఎప్పుడూ వేగానికే పడతాయి. రెండు స్వరాల మధ్య ఆగి, ఎటు వెళ్లాలా అని వెతుక్కునేవాడికి చప్పట్లు పడవు. అందుకే నాలుగు ఊళ్లు తిరిగిన బృందానికి ఏ చోట హాలు ఊగుతుందో తెలిసిపోతుంది, అయిదో ఊళ్లో ఆ చోటికే వెళుతుంది. దాన్ని మనం ఆశువు అని పిలుచుకుంటాం. తని ఆవర్తనం మొదలవగానే సగం హాలు క్యాంటీన్ వైపు నడుస్తుంది. మంద్రస్థాయిలో మెత్తగా వాయించాలనుకున్న వీణ మీదికి సీలింగు ఫ్యాన్ల హోరు, వెనక వరుసలో సెల్‌ఫోను, మధ్యలో శాలువా సత్కారం. ఇన్ని గండాలు దాటి ఒక గొప్ప రాత్రి వస్తుంది, ఒప్పుకుంటాను. ఆ ఒక్క రాత్రిని చూపించి మిగతా రాత్రులన్నిటికీ ధ్రువపత్రం ఇవ్వడం ఒప్పుకోను.

రెండో ఆక్షేపణ మళ్లీ వాయించుకునే వీలు గురించి. స్టూడియోను ఈసడించేవాళ్లు కూడా తలవంచి నమస్కరించే స్టూడియో ఆల్బం ఒకటి ఉంది. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'. న్యూయార్క్ 30వ వీధిలో ఒకప్పుడు చర్చిగా ఉన్న భవనాన్ని కొలంబియా కంపెనీ స్టూడియోగా మార్చుకుంది. అక్కడ 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న రెండు విడతలుగా రికార్డు చేశారు. దాని మీద ఒక స్థలపురాణం అల్లుకుంది. వాద్యకారులు వచ్చారు, కాగితం మీద నాలుగు గీతలు చూశారు, వాయించారు, అయిపోయింది. అన్నీ మొదటి టేకులే. ఈ పురాణానికి ఆల్బం వెనక అట్ట మీద పియానో బిల్ ఎవాన్స్ రాసిన వ్యాసమే మూలం. గీత గీశాక చెరపడానికి వీల్లేని ఒక జపాను చిత్రకళతో ఆ సంగీతాన్ని పోల్చాడాయన. అందమైన పోలిక. నిజం మాత్రం దానికంటే కాస్త గరుకుగా ఉంది. 'ఫ్లమెంకో స్కెచెస్' మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు వాయించారు. మనం వింటున్నది తర్వాతది, ముందుది చాలా ఏళ్లకు విడిగా విడుదలైంది. తక్కిన వాటికీ మధ్యలో ఆగిపోయిన మొదళ్లు ఉన్నాయి.

ఇంకో చిత్రం. మార్చి 2న వాడిన టేపు యంత్రం కొంచెం మెల్లగా తిరిగింది. ఆ టేపును మామూలు వేగంతో వినిపిస్తే శ్రుతి రవ్వంత పైకి పోతుంది. ఆల్బం మొదటి వైపున్న మూడు పాటలూ ఆ రోజువే. కాబట్టి ముప్పయ్యేళ్లకు పైగా లోకమంతా 'సో వాట్'ను వాళ్లు వాయించని శ్రుతిలోనే వింది. 1990ల మొదట్లో, సరైన వేగంతో తిరిగిన రెండో యంత్రం టేపు తీసి ఆ తప్పు దిద్దారు. 'కల్తీ లేని క్షణం' అని మూడు దశాబ్దాలు కళ్లు మూసుకుని విన్న రసికుల్లో చాలామందికి చెవి పోటు రాలేదు. అందుకు వాళ్లను తప్పు పట్టను. ఆ ఆల్బం గొప్పతనం మొదటి టేకు కావడంలోనూ లేదు, యంత్రం వేగంలోనూ లేదు. బృందంలోని కోల్ట్రేన్, అడర్లీ, ఎవాన్స్ ఒకరినొకరు ఎలా విన్నారన్నదాంట్లో ఉంది. అంత నెమ్మదిగా, అంత ఖాళీ వదిలి వాయించడం క్లబ్బులో గ్లాసుల చప్పుడు మధ్య అయ్యే పని కూడా కాదు.

ఇక చెరపడానికి వీల్లేని చిత్రకళ అని రాసిన బిల్ ఎవాన్సే నాలుగేళ్లు తిరగకుండా 1963లో ఏం చేశాడు? ఒక పియానో వాయించి, దాన్ని వింటూ దాని మీద రెండోది వాయించి, ఆ రెండూ వింటూ మూడోది వాయించి 'కాన్వర్సేషన్స్ విత్ మైసెల్ఫ్' ఆల్బం చేశాడు. మూడు పొరలూ అప్పటికప్పుడు అల్లినవే. దానికి గ్రామీ కూడా వచ్చింది. తన మాటను తానే కాదన్నాడని నేననను. అట్ట మీద వ్యాసాన్ని వేదవాక్యం చేసుకున్నది మనం; ఆయన తన దారిన తాను పనిచేసుకుంటూ పోయాడు.

అసలు గొడవ కత్తెరతో. టేకులు పది తీసుకోండి, వాయించినదాని మీద మళ్లీ వాయిస్తూ ఓవర్‌డబ్‌లు చేసుకోండి, కానీ వాయించినదాన్ని ముక్కలు చేసి వేరే వరసలో పెడితే అది మోసమే కదా అంటారు. దీనికి జవాబు చెప్పాలంటే ఆ పని ఎలా జరిగేదో కాస్త దగ్గరగా చూడాలి.

1960ల స్టూడియో టేపు సెకనుకు 15 అంగుళాల చొప్పున కదిలేది. అంటే సెకనులో పదో వంతు అంగుళంన్నర. కోయాల్సిన చోటు దొరకాలంటే రెండు చక్రాలనూ రెండు చేతులతో పట్టుకుని టేపును హెడ్ మీద ముందుకీ వెనక్కీ మెల్లగా కదపాలి. డ్రమ్ము దెబ్బ అలా కదిపినప్పుడు మూలుగులా వినిపిస్తుంది. ఆ మూలుగు మొదలయ్యే చోట తెల్ల పెన్సిలుతో గుర్తు. తర్వాత గాడి ఉన్న లోహపు దిమ్మలో టేపు పరిచి రేజరు బ్లేడుతో ఏటవాలుగా కోత. నిలువుగా కోస్తే టప్‌మని చప్పుడొస్తుంది, ఏటవాలుగా కోస్తే ఒక శబ్దం ఇంకోదాంట్లోకి జారుతుంది. కోసినవాడికి లయ తెలియకపోతే ఆ అతుకు దగ్గర తాళం కుంటుతుంది, చిన్నపిల్లాడైనా పట్టేస్తాడు. గుమాస్తా చేసే పని కాదిది.

మైల్స్ టేపులు కోసిన టియో మాసెరో గుమాస్తా కూడా కాదు. జూలియార్డ్‌లో చదువుకున్న స్వరకర్త, చార్ల్స్ మింగస్ పక్కన శాక్సొఫోన్ వాయించినవాడు. 1969 ఫిబ్రవరి 18న మైల్స్ ఏడుగురితో కలిసి 'ఇన్ ఎ సైలెంట్ వే' రికార్డు చేశాడు. అందులో ముగ్గురు కీబోర్డుల ముందు కూర్చున్నారు: హెర్బీ హాన్‌కాక్, చిక్ కొరియా, జో జావినుల్. లండన్ నుంచి అప్పుడే దిగిన జాన్ మెక్‌లాగ్లిన్ చేతిలో గిటారు. టైటిల్ పాట జావినుల్ రాసింది. ఆయన పేర్చుకున్న కార్డులను, అంటే కలిపి పలికే స్వరాల గుత్తులను, మైల్స్ ఊడబెరికి, తంబూరా మీద ఆలపించినట్టు ఒకే ఆధారశ్రుతి మీద ఆ బాణీ వాయించమన్నాడు. మెక్‌లాగ్లిన్‌కైతే గిటారు పట్టుకోవడం చేతకానివాడిలా వాయించమని చెప్పాడట. ఆ తడబాటే పాట మొదట్లో మనకు వినిపించే ఆ విడివిడి స్వరాలు.

ఆ రోజు వాయించినదాన్ని చెక్కి చెక్కి కుదించాక మాసెరో చేసిన పని ఈ వ్యాసానికి గుండెకాయ. రెండో వైపున నాలుగు నిమిషాల ఆ మెత్తటి ఆలాపన వస్తుంది. తర్వాత బేస్, డ్రమ్ములు అందుకుని పదకొండు నిమిషాలకు పైగా సాగే 'ఇట్స్ అబౌట్ దట్ టైమ్', అందులో టోనీ విలియమ్స్ అంతసేపూ అదిమిపెట్టుకున్న డ్రమ్ములు ఒక్కసారి తెగే ఘట్టం. అది చల్లారాక మొదటి నాలుగు నిమిషాలే మళ్లీ వస్తాయి. మళ్లీ వాయించలేదు. అదే టేపు, అదే ఊపిరి, అదే తడబాటు. మొదటి వైపునా అంతే, మొదట్లో వచ్చిన ఆరు నిమిషాలే చివర్లో తిరిగి వస్తాయి.

శుద్ధవాదికి ఇది పచ్చి దగా. ఒకసారి వాయించి రెండుసార్లు అమ్ముకున్నారని అప్పట్లోనూ గొణుక్కున్నవాళ్లున్నారు. కానీ విని చూడండి. కచేరీలో పల్లవికి తిరిగి వచ్చినప్పుడు వాయించేవాడు మారి ఉంటాడు. చెమట పట్టి ఉంటుంది, నెరవు నడిపి వచ్చిన వేడి చేతుల్లో ఉంటుంది, ఆ పల్లవి మొదటి పల్లవి కాలేదు. ఇక్కడ వాయించినవాడు రవ్వంత కూడా మారలేదు, విన్న నేను మారాను. మొదటిసారి ఎక్కడికో బయల్దేరుతున్నట్టు వినిపించిన స్వరమే రెండోసారి ఇంటికొచ్చినట్టు వినిపిస్తుంది. ఏ కచేరీ వేదికా ఇవ్వలేని అనుభవం ఇది. మనిషి తను వాయించినదాన్ని ఉన్నదున్నట్టు తిరిగి వాయించలేడు గనక, ఇది టేపుకే సాధ్యం. దీన్ని కనిపెట్టినవాణ్ణి దొంగ అనడానికి నాకు నోరు రాదు.

అదే ఏడాది ఆగస్టు 19 నుంచి 21 వరకు మూడు రోజులు 'బిచెస్ బ్రూ'. ఇద్దరు డ్రమ్మర్లు, ఇద్దరు బేసిస్టులు, మూడు ఎలక్ట్రిక్ పియానోల దాకా, బెన్నీ మాపిన్ బేస్ క్లారినెట్. చేతిలో ఉన్నది చిన్న చిన్న గతులు, కొన్ని కార్డులు, మైల్స్ సైగలు. టైటిల్ పాటలో ఆయన వేసే చిటికెలు కూడా వినిపిస్తాయి. మాసెరో టేపు ఆపకుండా తిప్పుతూ పోయాడు. ఇరవై నిమిషాల 'ఫారోస్ డాన్స్'లో 19 కోతల దాకా ఉన్నాయని తర్వాత టేపులు పరిశీలించినవాళ్లు లెక్కగట్టారు. ఒక చోట సెకను పాటి ముక్క వెంటవెంటనే తిరిగి తిరిగి వస్తుంది, ముక్తాయింపులో తీర్మానం తిప్పినట్టు. వాయించినప్పుడు అది లేదు. మాసెరో చెవికి తోచింది, కోశాడు, అతికాడు. వేదిక మీద మృదంగ విద్వాంసుడికి తోచి తిప్పితే మనోధర్మమా, గదిలో మాసెరోకు తోచి తిప్పితే ఫోర్జరీయా? తేడా ఎక్కడుందో శుద్ధవాదులే చెప్పాలి. ఒకరు క్షణంలో తేల్చుకున్నారు, ఇంకొకరు గంటలు కూర్చుని తేల్చుకున్నారు, అంతే కదా అంటారేమో. ఆ గంటల వెనక ముప్పయ్యేళ్ల వినికిడి ఉంది. వేదిక మీది క్షణం వెనకా అదే ఉంటుంది.

తెగింపు లేదన్నారు కదా, 1970 ఏప్రిల్ 7న జరిగింది వినండి. జాక్ జాన్సన్ అనే బాక్సరు మీద తీస్తున్న డాక్యుమెంటరీకి సంగీతం కావాలి. మైల్స్, మాసెరో కంట్రోల్ రూములో మాట్లాడుకుంటున్నారు. బయట వాద్యకారులు గోళ్లు గిల్లుకుంటున్నారు. విసుగు పుట్టి మెక్‌లాగ్లిన్ 'ఇ' శ్రుతిలో ఒక మొరటు దరువు అందుకున్నాడు. బిల్లీ కాబమ్ డ్రమ్ముల మీద చేరాడు, పద్దెనిమిదేళ్ల మైకేల్ హెండర్సన్ బేస్ మీద చేరాడు. రెండు నిమిషాలు దాటాక మెక్‌లాగ్లిన్ ధ్వని తగ్గించి 'బి ఫ్లాట్'కు మారాడు. హెండర్సన్ గమనించలేదు, 'ఇ' మీదే ఉండిపోయాడు. శ్రుతులు రెండూ ఎడమొహం పెడమొహం. కచేరీలో అయితే కళ్లతో సైగ చేసి సర్దుకునే సందర్భం. సరిగ్గా ఆ అపశ్రుతి మధ్యలోకి మైల్స్ ట్రంపెట్ పట్టుకుని దూకాడు, రెండు శ్రుతులకూ ఇమిడే స్వరంతో. వేరే పని మీద ఆ భవనానికి వచ్చిన హెర్బీ హాన్‌కాక్‌ను లాక్కొచ్చి ఆర్గాన్ ముందు కూర్చోబెట్టారు. 'రైట్ ఆఫ్' అలా పుట్టింది. తర్వాత మాసెరో దాని నడుమ ఇంకో రోజు రికార్డు చేసిన ఒంటరి ట్రంపెట్ ముక్కను దూర్చాడు. దరువు హఠాత్తుగా మాయమై మళ్లీ వచ్చి పడుతుంది. చెమటోడ్చిన ఆశువు, బ్లేడు కోత, రెండూ ఒకే పాటలో ఉన్నాయి. విడదీసి ఒకదానికి దండ, ఇంకోదానికి దండన అంటే కుదరదు.

పోనీ, కోతలు నచ్చనివాళ్లు పట్టుకుని ఊగే లైవ్ ఆల్బంలు కడిగిన ముత్యాలా? జాజ్ బృందనాయకుడు ఎలింగ్టన్ 'ఎలింగ్టన్ ఎట్ న్యూపోర్ట్' చూడండి. 1956 జులైలో న్యూపోర్ట్ జాజ్ పండగలో ఆ బృందంలోని పాల్ గొంజాల్వెజ్ శాక్సొఫోన్ మీద వరసగా 27 ఆవృత్తాలు వాయించి జనాన్ని కుర్చీల్లోంచి లేపాడని కథలు కథలుగా చెప్పుకుంటారు. ఆయన వాయించింది రేడియోవాళ్లు పెట్టిన మైకులోకి; కొలంబియా మైకుకు లీలగా మాత్రమే అందింది. ఆల్బంలో మిగతా భాగం చాలావరకు తర్వాత స్టూడియోలో మళ్లీ వాయించి, జనం కేకలు కలిపి, పండగ అని అమ్మారు. అసలు రాత్రి సరిగ్గా వినబడింది 1999లో, రెండు టేపులూ కలిపి కుట్టాక. మైల్స్ 'ఎట్ ఫిల్మోర్' అయితే 1970 జూన్‌లో నాలుగు రాత్రుల కచేరీలు. ఒక్కో రాత్రినీ ఎల్పీలో ఒక్కో వైపుకు కుదించింది ఎవరనుకున్నారు? మన మాసెరోనే. పూర్తి రాత్రులు 2014 దాకా బయటికి రాలేదు. అట్ట మీద లైవ్ అని ఉంటే చాలు, చెవి ప్రశ్నలు అడగడం మానేస్తుంది.

ఈ వ్యతిరేకత మన దగ్గర ఇంత బలంగా ఉండడానికి నాకు తోచే కారణం ఒకటుంది. తెలుగువాడికి స్టూడియో అంటే సినిమా పాటే. వయొలిన్లు పొద్దున వచ్చి వాయించి వెళ్తారు, ఫ్లూటు సాయంత్రం వస్తుంది, అందరి చెవుల్లోనూ క్లిక్ అనే యంత్ర తాళం, ఎవరి మొహం ఎవరూ చూడరు. కొలువుకు వచ్చినట్టు వచ్చి వాయించి పోయే ఆ పద్ధతిలో ఒక ఆశువాద్య బృందం ఆల్బం చేస్తే అది నిజంగానే చస్తుంది. అలా చచ్చినవి మన ఫ్యూజన్ ఆల్బంల అరలో బోలెడున్నాయి. వీణ ఒక ఊళ్లో, డ్రమ్ములు ఒక ఊళ్లో, ప్రతి స్వరానికీ ఇస్త్రీ. వాటిని వెనకేసుకు రాను. ఆ పాపం మాత్రం పద్ధతిది. మైల్స్ మనుషులు ఒకే గదిలో, ఒకరి కళ్లలోకి ఒకరు చూస్తూ, యంత్ర తాళం లేకుండా వాయించారు. కోత తర్వాత వచ్చింది, వినికిడి ముందు జరిగింది. ఆ వరస తిరగబడితే ఏ బ్లేడూ కాపాడదు.

ఆ వరస పాటించినవి మన దగ్గర లేవా? 1967లో హెచ్ఎంవీ చేయించిన 'కాల్ ఆఫ్ ది వ్యాలీ'ని తీసుకోండి. శివ్‌కుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటారు. కాశ్మీరు లోయలో ఒక గొర్రెల కాపరి పొద్దు పొడిచినప్పటి నుంచి గడిపే రోజు, దానికి వేళను బట్టి రాగాలు. ఏ సభలోనూ అలాంటి కచేరీ జరగదు; అంత పొట్టిగా, అంత పొందికగా ముగ్గురికి వాటాలు పంచే ఓపిక ఏ వేదికకూ లేదు. అది ఆల్బంగా ఆలోచించి, ఆల్బంగానే వాయించింది. దాన్ని ఇంట్లో పెట్టుకున్నవాళ్లే స్టూడియో వద్దని నాకు హితబోధ చేస్తుంటారు.

మెక్‌లాగ్లిన్ శక్తి బృందం సంగతీ అంతే. మొదటి ఆల్బం 1975 జులైలో లాంగ్ ఐలండ్‌లో ఒక కాలేజీలో జరిగిన కచేరీ. 'జాయ్' పద్దెనిమిది నిమిషాల పరుగు. వింటుంటే నాకూ రోమాలు నిక్కబొడుచుకుంటాయి. మరుసటి ఏడాది లండన్ ట్రైడెంట్ స్టూడియోలో చేసిన 'ఎ హ్యాండ్‌ఫుల్ ఆఫ్ బ్యూటీ'ని మాత్రం చల్లారిన కాఫీ అని పక్కన పెడతారు. అందులో 'ఇండియా' వినండి. ఎల్. శంకర్ వయొలిన్, గిటారు ఒకదానికొకటి చోటిచ్చుకుంటూ మెల్లగా నడుస్తాయి. విక్కు వినాయకరామ్ ఘటం మెడ దగ్గర పలికే సన్నటి నాదానికీ, పొట్ట మీద పలికే గుమ్మనే నాదానికీ తేడా వినబడుతుంది. కాలేజీ హాల్లో అది కొట్టుకుపోయింది. ఆ ఘటం కోసమైనా స్టూడియోకి వెళ్లడం సబబే.

1969 ఫిబ్రవరి 18న మెక్‌లాగ్లిన్ న్యూయార్క్‌లో గిటారు రానివాడిలా వాయించిన పది రోజులకు, అదే నెల 28న, పాలకొల్లులో మాండొలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్ పుట్టాడు. తర్వాత వాళ్లిద్దరూ రిమెంబర్ శక్తి బృందంలో పక్కపక్కన కూర్చున్నారు. దానికి ముందే 1995లో శ్రీనివాస్ కెనడా గిటారిస్టు మైకేల్ బ్రుక్‌తో 'డ్రీమ్' అనే స్టూడియో ఆల్బం చేశాడు. మాండొలిన్ అని పేరు వింటే పరవశించే మన కర్ణాటక రసికులు ఆ ఆల్బం ఊసెత్తరు. ఎత్తినా అదో ఫ్యూజను అని తీసిపారేస్తారు. అందులో కొన్ని చోట్ల తీపి ఎక్కువైన మాట నిజమే. కానీ మాండొలిన్ స్వరం మీటిన మరుక్షణం నుంచే ఆరిపోవడం మొదలుపెడుతుంది. ఆ వాద్యం కింద ఎడతెగని నాదం పరిచి, శ్రీనివాస్ గమకాన్ని దాని మీద తేలనిచ్చారు. కచేరీలో ఆయన మెరుపు వేగం చూశాం. ఆయన ఆగితే ఎలా ఉంటుందో అక్కడ వింటాం. 2014లో నలభై అయిదేళ్లకే వెళ్లిపోయిన మనిషి విషయంలో ఆ రెండోదాన్ని వదులుకునేంత సంపన్నులం కాదు మనం.

కచేరీ ఒకటే నిజమనేవాళ్లు ఆస్ట్రేలియా త్రయం 'ది నెక్స్' ముందు ఏమంటారో నాకు తెలుసుకోవాలని ఉంది. పియానో క్రిస్ ఏబ్రహామ్స్, బేస్ లాయిడ్ స్వాంటన్, డ్రమ్ములు టోనీ బక్. 1987 నుంచి కలిసి వాయిస్తున్నారు. వేదిక ఎక్కేముందు ఏం వాయించాలో ఒక్క మాట అనుకోరు. ఒకరు మొదలుపెడతారు, ముక్కాలు గంట పాటు ఎటు పోతే అటు. వీళ్ల కంటే కల్తీ లేని ఆశువాద్యకారులను చూపించడం కష్టం. అదే ముగ్గురు స్టూడియోకి వెళితే పొర మీద పొర వేస్తారు, వాయించినదాని మీద మళ్లీ వాయిస్తారు. 1989లో వచ్చిన మొదటి ఆల్బం దాదాపు గంట నిడివి ఒకే పాట. ఆ ఆల్బంల పాటలను వేదిక మీద వాయించరు, వేదిక మీద జరిగినదాన్ని స్టూడియోలో తిరగరాయరు. రెండూ వేర్వేరు పనులని వాళ్లకు స్పష్టంగా తెలుసు. ఒకదాన్ని ఇంకోదాని ముందు దోషిగా నిలబెట్టే అవసరం వాళ్లకు ఎన్నడూ రాలేదు.

హైదరాబాద్‌లో, విశాఖలో ఇవాళ మంచి వాద్యబృందాలు తయారవుతున్నాయి. వాళ్లలో చాలామంది ఈ వాదానికి భయపడి ఒకే టేకులో, కోత లేకుండా వాయించిన వీడియోలు పెట్టి, కోత లేదన్న సంగతినే పేరు కింద గొప్పగా రాసుకుంటున్నారు. పన్నెండు నిమిషాల ఆ వీడియోల్లో నాలుగు నిమిషాలు నిప్పు, ఎనిమిది నిమిషాలు దాని కోసం ఎదురుచూపు. ఆ ఎనిమిదీ మనం ఎందుకు వినాలి? వాళ్లు చేయాల్సింది, కలిసి ఒకే గదిలో కొన్నాళ్లు వాయించి, టేపు ఆపకుండా తిప్పి, ఆ తర్వాత తమతో కలిసి వాయించని చెవి ఒకటి వెతుక్కోవడం. వాళ్ల వాద్యం తెలిసిన చెవి కావాలి, మొహమాటం తెలియని చెవి కావాలి. ఆ మనిషికి వాద్యకారులతో సమానంగా డబ్బివ్వాలి. అట్ట మీద పేరు కూడా వాళ్ల పేర్లంత పెద్ద అక్షరాల్లోనే వేయాలి.